పురుగును చూడకుండా మందు కొట్టొద్దంటారు, మరి మనిషికి?



పైరు మీద కొట్టేదాన్నీ మందే అంటాం, మనిషి మింగేదాన్నీ మందే అంటాం. పైరు మందు గురించి ఈ పత్రికలో చాలాసార్లు రాశాను. నకిలీ మందుల మీద ధర్నాలకు వెళ్ళాం, కేసులు మోశాం. ఈ నెల మాత్రం మనిషి మందు గురించి రాస్తున్నాను. "ఇది రైతు సంఘం పత్రిక, ఆసుపత్రి సంగతులు మనకెందుకు?" అని కొందరు అనొచ్చు. చివరిదాకా చదివి అప్పుడు అనండి.

మా ఇంట్లో జరిగింది

2022 ఆగస్టు చివర్లో మా తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఐదెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. నారు పనుల్లో పడి మొదట పట్టించుకోలేదు. పదిహేను రోజుల తర్వాత ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక ఇంజక్షను, ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. టౌనులో ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాడు. అంతకంటే పెద్ద మాత్ర ఐదు రోజులు, దగ్గు సిరప్పు ఒకటి. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, మనిషి చిక్కిపోతున్నాడు. మూడో చోట పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. స్కాన్ తీశారు, రక్తం తీశారు, ఏడు రోజులు ఇంజక్షన్లు చేశారు. "నిమ్ము చేసింది, తగ్గిపోతుంది" అన్నారు. రెండు గేదెలు అమ్మాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు.

ఇన్ని చోట్ల తిరిగితే, ఇన్ని పరీక్షలు చేస్తే, ఒక్కరంటే ఒక్కరు కూడా ఒక డబ్బా చేతికిచ్చి "ఇందులో తెమడ ఉమ్మి తీసుకురా" అనలేదు.

ఆ మాట అన్నది చివరికి మా ఊరి ఏఎన్ఎం. జనవరిలో వేరే పని మీద ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి తమ్ముడి దగ్గు విని, "ఎన్నాళ్ళ నుంచి బాబాయ్ ఈ దగ్గు?" అని అడిగింది. అదే రోజు డబ్బా ఇచ్చి, తెమడ తీయించి, ప్రభుత్వ ఆసుపత్రికి పంపింది. మర్నాడు ఫలితం వచ్చింది. టీబీ. అది కూడా మామూలు టీబీ కాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగని మొండి టీబీ. ఆ పరీక్షకు మేం కట్టింది సున్నా. యంత్రానికి పట్టింది రెండు గంటల లోపు. రెండు గంటల్లో తేలే విషయానికి నాలుగున్నర నెలలు ఎందుకు పట్టింది? నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

తమ్ముడు పద్దెనిమిది నెలలు మందులు మింగి బతికాడు. ఇప్పుడు చేలో పూట పని చేస్తే రెండో పూట కూర్చుంటాడు. కౌలు వదిలేశాడు. వాడితో ఒకే గదిలో పడుకున్న మా అమ్మ మాత్రం ఆ డిసెంబరులోనే పోయింది. ఆమె కూడా దగ్గింది, ఆమె కూడా చిక్కిపోయింది. "డెబ్బై దాటింది కదా" అన్నారు అందరూ. నేనూ అన్నాను. తమ్ముడి ఫలితం వచ్చాక గాని మాకు అర్థం కాలేదు. ఆమెకు పరీక్షే చేయలేదు కాబట్టి ఆమె ఏ రోగంతో పోయిందో ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వ లెక్కల్లో టీబీ మరణాలు ఇన్ని అని ఒక అంకె వేస్తారే, ఆ అంకెలో మా అమ్మ లేదు. మీ ఊళ్ళో కూడా అలాంటి అమ్మలు ఉండే ఉంటారు.

మనకు తెలిసిన పాఠమే

నేను పదో తరగతి అయ్యాక నాన్నతో చేలో దిగిన కొత్తలో, 1987లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ, పచ్చపురుగు విరుచుకుపడ్డాయి. అప్పట్లో కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులు బ్రహ్మాస్త్రాలన్నారు. మొదటి రెండేళ్ళు నిజంగానే పురుగు టపటపా రాలింది. తర్వాత వారానికి రెండుసార్లు కొట్టినా చావలేదు. ఒక మందు పని చేయకపోతే ఇంకో మందు కలిపి కొట్టాం. ఇరవై సార్లు, ముప్పై సార్లు కొట్టిన వాళ్ళున్నారు. చివరికి ఆ పురుగు కోసం తెచ్చిన మందునే రైతులు తాగారు. ఆ రోజులు చూసిన వాళ్ళు మన సంఘంలో ఇంకా ఉన్నారు.

అక్కడ జరిగింది ఏమిటి? వెయ్యి పురుగుల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే మందుకు తట్టుకునేవి ఉంటాయి. మందు కొడితే మిగతావి చచ్చి అవి మిగులుతాయి. వాటి పిల్లలే చేనంతా నిండుతాయి. మందు ఎంత ఎక్కువ సార్లు, ఎంత గుడ్డిగా కొడితే, మొండి పురుగును మనమే అంత తొందరగా ఏరి పెంచినట్టు. బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు విషయంలోనూ ఇదే కథ. చుట్టూ వేయమని ఇచ్చిన మామూలు పత్తి విత్తనాల పొట్లాన్ని గట్టు మీద పారేసింది మనమే కదా.

మనిషి ఒంట్లో క్రిమి కూడా అంతే. రోగం ఏదో తేలకుండా యాంటీబయాటిక్ వేస్తే మెతక క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. టీబీ విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మామూలు దగ్గుకిచ్చే యాంటీబయాటిక్‌లలో చాలావాటికి టీబీ క్రిమి లొంగదు. లివోఫ్లాక్సాసిన్ జాతి మందులు మాత్రం దాన్ని కొన్నాళ్ళు అణిచిపెడతాయి. దగ్గు తగ్గినట్టుంటుంది, రోగం దాక్కుంటుంది, పరీక్ష వెనకబడుతుంది. పైగా ఆ జాతి మందు మొండి టీబీకి చేసే వైద్యంలో ముఖ్యమైన ఆయుధం. అసలు యుద్ధం మొదలు కాకముందే ఆయుధాన్ని మొద్దుబరుస్తున్నాం.

ఇది ఒక్క టీబీతో ఆగదు. మందుకు లొంగని క్రిముల వల్లే 2019లో ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. కాన్పు తర్వాత వచ్చే జ్వరం, కాలికి గుచ్చుకున్న మేకు, పసిబిడ్డకు వచ్చిన నిమ్ము, ఇవన్నీ మళ్ళీ ప్రాణం తీసే రోగాలయ్యే రోజు దగ్గర పడుతోంది.

అమ్మేవాడే చెప్పేవాడైతే

ఈ మాట అంటే పెద్దలు వెంటనే ఒక నీతి చెబుతారు. "జనానికి అవగాహన లేదు. చదువు లేదు. చీటీ లేకుండా మందులు కొంటారు. మధ్యలో మానేస్తారు." మన మీద కూడా ఇదే మాట అంటారు, గుర్తుందా? "రైతుకు అవగాహన లేదు, మోతాదు మించి మందు కొడతాడు."

నేను అడుగుతున్నా. మన చేలో ఏ మందు కొట్టాలో ఎవరు చెబుతున్నారు? మండలానికి ఒకరో ఇద్దరో ఉండే వ్యవసాయాధికారా? కాదు. పురుగు మందుల కొట్టాయన. అప్పిచ్చేదీ ఆయనే, మందు చెప్పేదీ ఆయనే, పంట కొనేదీ చాలాచోట్ల ఆయనే. ఆకు తెంపుకుని వెళ్ళి చూపిస్తే మూడు డబ్బాలు చేతిలో పెడతాడు. పట్టుకెళ్ళి కొట్టక ఏం చేస్తాం?

రోగి పరిస్థితీ అంతే. పరీక్ష చేసే చోటు దూరం. మందుల షాపు పక్కనే. ఆర్ఎంపీని తిట్టడం తేలిక. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే. ఆయన చేతిలో పరీక్ష లేదు, మాత్రే ఉంది. కాబట్టి మాత్రే ఇస్తాడు. టౌనులో పెద్ద చదువు చదివిన డాక్టరు దగ్గరా అదే జరిగిందే! ఆయన చేతిలో స్కాను యంత్రం ఉంది. కాబట్టి స్కాను తీశాడు. డబ్బులొచ్చే పరీక్షలన్నీ అయ్యాయి, డబ్బు రాని తెమడ పరీక్ష ఒక్కటే ఆగిపోయింది. పరీక్ష లేని చోట అమ్మేవాడే డాక్టరవుతాడు. అది పొలమైనా, ఒళ్ళయినా.

యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం లేకపోలేదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే నిబంధన ఉంది. టీబీ మందులు, ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మీ ఊరి షాపులో ఆ రిజిస్టరు చూశారా? నేను చూడలేదు.

యంత్రం ఉంది, మనదాకా రాలేదు

టీబీ క్రిమిని రాబర్ట్ కాక్ అనే జర్మనీ డాక్టరు 1882 మార్చి 24న లోకానికి చూపించాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా పేదవాడికి దొరికిన పరీక్ష ఒక్కటే, తెమడను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూడటం. ఒక మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటే గాని అందులో కనపడవు. అంటే రోగం బాగా ముదిరాకే బయటపడుతుంది. ఆ క్రిమి మొండిదో కాదో అది చెప్పలేదు.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పరీక్షను ఆమోదించింది. మన దగ్గర సీబీనాట్ అంటారు. నూటికి కాస్త పైన క్రిములున్నా పట్టేస్తుంది. రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా రెండు గంటల్లోపే చెబుతుంది. దానికి ఏసీ గది, ఆగని కరెంటు కావాలన్నారు. సరే, మన దేశంలోనే గోవాలో ట్రూనాట్ అనే చిన్న యంత్రం తయారైంది. బ్యాటరీ మీద నడుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బల్ల మీద పెట్టుకోవచ్చు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నీ ఆమోదించింది. ఇంకేం అడ్డం?

అడ్డం డబ్బు, ఉద్దేశం. సీబీనాట్ యంత్రంలో పెట్టే ఒక్కో కార్ట్రిడ్జ్‌ను పేద దేశాలకు 2012 నుంచి 9 డాలర్ల 98 సెంట్లకు అమ్మారు. 5 డాలర్లకు ఇచ్చినా కంపెనీకి లాభమేనని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ లెక్కలతో చూపించి ఏళ్ళ తరబడి పోరాడింది. 2023 సెప్టెంబరులో గాని 7 డాలర్ల 97 సెంట్లకు దిగిరాలేదు. ఆ పరీక్షను కనిపెట్టడంలో ప్రజల పన్నుల డబ్బు కూడా ఉంది. విత్తనం మన దగ్గర తీసుకుని మనకే ప్యాకెట్టులో అమ్మే కంపెనీలను చూసిన మనకు ఇది కొత్త కాదు.

ఇక మన దగ్గర యంత్రం ఉన్నచోట చిప్పులు ఉండవు. చిప్పులు ఉన్నచోట ల్యాబ్ టెక్నీషియన్ రెండు కేంద్రాలకు ఒకడు. ఇది మా మండలంలో నేను కళ్ళారా చూసింది. మిగతా రోగాల సంగతి ఇంకా ఘోరం. పుండులోనో, మూత్రంలోనో, రక్తంలోనో ఉన్న క్రిమిని పెంచి, ఏ మందుకు చస్తుందో చూసే కల్చర్ పరీక్ష కోసం పల్లె మనిషి ఎంత దూరం పోవాలో ఒకసారి అడిగి చూడండి. భూసార పరీక్ష చేయించకుండా ఎరువు వేయొద్దని మనకు గోడల మీద రాసి మరీ చెబుతారు. మట్టికి ఉన్న మర్యాద మనిషికి లేదా?

"మధ్యలో మానేశారు" అనే నింద

మొండి టీబీ వచ్చిందంటే రోగి మందులు సరిగా వాడలేదని ఊరంతా అనుకుంటుంది. మా తమ్ముడిని కూడా అలాగే చూశారు. వాడు అంతకు ముందు జీవితంలో ఒక్క టీబీ మాత్ర మింగలేదు. మొండి క్రిమే గాలిలో వచ్చి వాడికి అంటింది. ఎవరికో సకాలంలో పరీక్ష చేయలేదు, ఆ మనిషి దగ్గుతూ తిరిగాడు, వీడికి అంటించాడు. వీడు నాలుగున్నర నెలలు దగ్గుతూ మిరప చేలో కూలీల మధ్య తిరిగాడు. వైద్యం అందని టీబీ రోగి ఏడాదిలో పది పదిహేను మందికి క్రిమిని అంటించగలడని డాక్టర్లు చెబుతారు. ఇందులో దోషం మింగినవాడిదా, పరీక్ష అందించనివాడిదా?

పైగా మానేసేది రోగి ఒక్కడేనా? 2024 మొదట్లో దేశంలో టీబీ మందుల కొరత వచ్చింది. ఆ మార్చిలో కేంద్రమే రాష్ట్రాలకు లేఖ రాసి, మందులు మీ దగ్గరే కొనుక్కోండని చెప్పింది. రోజూ తప్పకుండా మింగాలని ప్రతిజ్ఞ చేయించి, వెళ్తే "స్టాకు లేదు, వచ్చే వారం రా" అంటే అప్పుడు వైద్యం మానేసింది ఎవరు? ప్రభుత్వం కాదా?

ఇదే చోట మనకు ధైర్యమిచ్చే కథ ఒకటి ఉంది. బెడాక్విలిన్ అనే మందు మొండి టీబీ వైద్యాన్ని మార్చేసింది. అంతకు ముందు వాడే ఇంజక్షన్లతో ఎంతోమందికి చెవుడు వచ్చేది. అలా వినికిడి కోల్పోయిన ఇద్దరు ఆడపిల్లలు, ముంబైకి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే, మన దేశ పేటెంట్ కార్యాలయంలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి ఎదురు నిలిచారు. ఆ మందు మీద తన పేటెంటును మరో నాలుగేళ్ళు సాగదీసుకోవాలని చూసిన కంపెనీ దరఖాస్తును 2023 మార్చిలో ఆ కార్యాలయం కొట్టేసింది. దాంతో మన కంపెనీలు ఆ మందును చవగ్గా తయారు చేసే దారి తెరుచుకుంది. ఇప్పుడు బెడాక్విలిన్‌తో పాటు ఇంకో మూడు మందులు కలిపి ఆరు నెలల్లో మొండి టీబీని నయం చేసే వైద్యానికి 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. రోగంతో చిక్కి, చెవులు పోగొట్టుకున్న ఇద్దరు అంత పెద్ద కంపెనీని ఎదిరించగలిగితే, లక్షల మంది ఉన్న మనం ఒక పీహెచ్‌సీలో చిప్పులు తెప్పించలేమా?

మన చేతులూ శుభ్రంగా లేవు

ఇప్పుడు మన వంతు చెప్పుకుందాం. ఎదుటివాడిని తిట్టేటప్పుడు మన గట్టు కూడా చూసుకోవాలి.

టీబీకి వచ్చిన మొట్టమొదటి గట్టి మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలో ఒక వ్యవసాయ కళాశాలలో, బాగా పశువుల ఎరువు వేసిన పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. రైతు మట్టి ఇచ్చిన మందు అది. మొదట్లో దాన్ని ఒక్కదాన్నే ఇస్తే రోగులు లేచి కూర్చున్నారు, కొన్ని నెలలకే క్రిమి మొండికేసి చాలామంది మళ్ళీ మంచం పట్టారు. రెండు మూడు మందులు కలిపి ఇస్తేనే టీబీ లొంగుతుందని అప్పుడే తెలిసింది.

ఆ స్ట్రెప్టోమైసిన్‌ను మనం ఏం చేశాం? వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుకు, నిమ్మ, బత్తాయిలో గజ్జి తెగులుకు, మిరపలో ఆకుమచ్చకు పొట్లాలు పొట్లాలు కలిపి కొట్టాం. నేనూ కొట్టాను. తెగులు ఉన్నా కొట్టాను, లేకపోయినా ముందు జాగ్రత్తకని కొట్టాను. అది ఆసుపత్రి మందని ఎవరూ చెప్పలేదు. పంటల మీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకాన్ని 2024 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపాలని 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి మన కొట్లలో ఎంతమంది చెప్పారు?

పైరు మీద కొట్టినందువల్ల టీబీ క్రిమి మొండిదైందని నేననడం లేదు. టీబీ క్రిమి మనిషి ఒంట్లోనే మొండిదవుతుంది. కానీ చేలో, రొయ్యల చెరువులో, కోళ్ళ షెడ్డులో ఉండే వేరే క్రిములు ఎన్నో ఉన్నాయి. అవి తమ మొండితనాన్ని ఒకదానికొకటి పంచుకుంటాయి. ఆ క్రిములే నీళ్ళలో, మాంసంలో, మన చేతుల మీద ఇంటికొస్తాయి. ఏ మందూ పని చేయని రోగికి చివరగా ఇచ్చే కొలిస్టిన్‌ను కోళ్ళు బరువు పెరగడానికి మేతలో కలిపేవాళ్ళు. 2019లో ప్రభుత్వం దాన్ని నిషేధించాల్సి వచ్చింది. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని విదేశాలు సరుకు తిప్పి పంపితే నష్టపోయింది చెరువు రైతే, మందు అమ్మిన ఏజెంటు కాదు.

తిండి కూడా మందే

ఇంకో సంగతి మనకు నేరుగా సంబంధించింది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. టీబీ రోగుల ఇళ్ళలో మిగతా కుటుంబ సభ్యులకు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల టీబీ అయితే దాదాపు సగానికి పడిపోయింది. 2023లో ఈ ఫలితాలు వచ్చాయి. బియ్యం, పప్పు! మనం పండించి, మద్దతు ధర కోసం రోడ్డెక్కే పంటలే. కంది ధర పడిపోయి రైతు ఏడుస్తుంటే, పక్కింట్లో పప్పు లేక టీబీ అంటుకుంటోంది. ఈ రెంటినీ కలపడానికి ఢిల్లీలో గొప్ప మేధావులు కావాలా?

రోగికి నెలకిచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మంచిదే. రోజుకు 33 రూపాయలు. ఇంట్లో మిగతా వాళ్ళ తిండి మాటేమిటి?

గడువు దాటింది

2025 కల్లా దేశంలో టీబీని అంతం చేస్తామని 2018లో ప్రధాని ప్రకటించారు. అంటే 2015తో పోలిస్తే కొత్త కేసులు 80 శాతం తగ్గాలి. 2015లో లక్ష మందికి 237 మందికి టీబీ వచ్చేది. 2024లో 187. తగ్గింది 21 శాతం. 2025 వచ్చింది, వెళ్ళింది. ప్రపంచంలో టీబీ వచ్చే ప్రతి నలుగురిలో ఒకరు ఇప్పటికీ మన దేశం మనిషే. 2024 డిసెంబరులో 347 జిల్లాల్లో వంద రోజుల కార్యక్రమం పెట్టి, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలతో ఊళ్ళు తిరిగారు. మేలే జరిగింది, కాదనను. కానీ క్రిమి వంద రోజుల క్యాలెండరు చూసి నడవదు. 2019-21 మధ్య ప్రభుత్వమే చేసిన సర్వేలో, టీబీ లక్షణాలున్న వాళ్ళలో దాదాపు 64 శాతం మంది ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదని తేలింది. కూలి పోతుందని వెళ్ళరు, అప్పవుతుందని వెళ్ళరు, పిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోతాయని చెప్పుకోరు. ఫ్లెక్సీలు కడితే వీళ్ళు రారు. పరీక్షే వీళ్ళ గుమ్మంలోకి రావాలి, ఆ ఏఎన్ఎం వచ్చినట్టు.

మనం అడగాల్సింది, మనం చేయాల్సింది

ప్రభుత్వాన్ని ఇవి అడుగుదాం:

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ట్రూనాట్ వంటి యంత్రం, ఆగని చిప్పులు, సొంత టెక్నీషియన్ ఉండాలి. లేనిచోట తెమడ డబ్బా 24 గంటల్లో పరీక్ష కేంద్రానికి చేరాలి.

2. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చిన మనిషికి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, ప్రైవేటులోనైనా యాంటీబయాటిక్ మార్చే ముందు తెమడ పరీక్ష చేయాలి. ప్రైవేటు డాక్టరు పంపినా పరీక్ష ఉచితంగా జరగాలి.

3. ప్రతి ఏరియా ఆసుపత్రికి కల్చర్ పరీక్ష అందుబాటులో ఉండాలి.

4. టీబీ మందులు మూడు నెలలకు సరిపడా ప్రతి జిల్లాలో నిల్వ ఉండాలి. స్టాకు వివరాలు బోర్డు మీద రాయాలి.

5. రోగి ఇంట్లో ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయాలి, బియ్యం, పప్పు ఇవ్వాలి. ఆ పప్పు మద్దతు ధరకు మన దగ్గరే కొనాలి.

6. పశువులకు, రొయ్యలకు, కోళ్ళకు రోగమొస్తే పరీక్షించే ల్యాబులు పెట్టాలి. ముందు ల్యాబు పెట్టి, తర్వాత రైతును ప్రశ్నించాలి.

మన సంఘం సభ్యులుగా మనం ఇవి చేద్దాం. పైరు మీద, చెరువులో ఆసుపత్రి మందులు వాడబోమని గ్రామ కమిటీలో తీర్మానం చేద్దాం. ఇంట్లో రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే "యాంటీబయాటిక్ ఇవ్వండి" అని కాక "తెమడ పరీక్ష రాయండి" అని అడుగుదాం. టీబీ వైద్యంలో ఉన్నవాడిని కూలికి పిలవడం మానొద్దు, మాటా మంతీ మానొద్దు. మందు మొదలై కొన్ని వారాలు గడిస్తే చాలామంది నుంచి రోగం అంటదు. ఎప్పుడు పనిలోకి రావచ్చో డాక్టరు చెబుతాడు. ఆర్ఎంపీలను కూర్చోబెట్టి మాట్లాడి, డబ్బాలు వాళ్ళ దగ్గరా ఉంచుదాం.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశం కాగానే ముగ్గురేసి సభ్యులు మీ పీహెచ్‌సీకి వెళ్ళండి. నాలుగు ప్రశ్నలు అడగండి. టీబీ పరీక్ష యంత్రం ఉందా? ఈ రోజు చిప్పులు ఉన్నాయా? తెమడ ఇస్తే ఫలితం ఎన్నాళ్ళకు వస్తుంది? ఈ ఏడాది మందులు ఎన్ని రోజులు లేవు? జవాబులు కాగితం మీద రాసి, తేదీ వేసి మండల కమిటీకి పంపండి. అవన్నీ పట్టుకుని కలెక్టరు దగ్గరికి వెళ్దాం. మన దగ్గర ఊరి పేరుతో సహా లెక్క ఉంటే ఎవరూ కాదనలేరు.

మా అమ్మ ఏ లెక్కలోకీ ఎక్కకుండా వెళ్ళిపోయింది. ఇక మీదట మన ఊళ్ళ నుంచి అలా ఎవరూ పోకూడదు. పురుగును చూశాకే మందు కొట్టమని మనకు నేర్పిన ప్రభుత్వాన్ని, రోగాన్ని చూశాకే మందివ్వమని అడగడానికి మనకు హక్కుంది. అడుగుదాం.